నాలుగంగుళాలు తగ్గిన చొక్కా

మేడ మీది గది,
మార్చి 9

చిట్టికి వదిన దీవించి రాసేది,

ముందు నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఎడమది మళ్ళీ వాచిందా? మెట్లు పక్కకు తిరిగి దిగమన్నాను, అలాగే దిగుతున్నావా? మీ అబ్బాయి నడుం నొప్పి తగ్గిందా? కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం వాడిది, పైన ఉండగా నడుం పట్టేస్తే దించేదెవరు? కోడలి తలనొప్పి ఎలా ఉంది? కళ్ళజోడు మార్చుకోమను. నేను చెప్పానని చెప్పకు, మార్చుకోదు. పిల్లికి కంట్లో పుసి కట్టేది, తగ్గిందా? మీ అన్నయ్య సంగతి నేను అడగడం లేదు. అడిగే హక్కు కోర్టులో సంతకం పెట్టి వదిలేసి వచ్చాను. నువ్వు రాస్తే మాత్రం చదువుతాను, చించి పారేయనుగా.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావేమో. అక్కడి ఇంటి ఫోను ముందు గదిలో మీ అన్నయ్య కుట్టుపనికి గుడ్డ కత్తిరించే బల్ల మీదే ఉంటుంది, మోగితే ముందు ఎత్తేది ఆయనే. ఎత్తి "ఎవరూ" అంటే ఏమని చెప్పను? పోనీ నీ చేతి ఫోనుకు చేద్దామంటే, ఒకదానికి జవాబు చెప్పేలోపు ఇంకోటి అడుగుతావు వదినా, ఊపిరాడదు అని నువ్వే అన్నావు. కాగితానికి ఊపిరితో పని లేదు. పైగా నాలుగో తరగతి చదువు నాది, ఒక్కో అక్షరం పేర్చుకుంటూ రాసేసరికి సగం ప్రశ్నలు వాటంతటవే రాలిపోతాయి.

ఈ గదికొచ్చి నలభై రోజులైంది. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక పొయ్యి, వీధి వైపు ఒక కిటికీ. కింద లాండ్రీ. పగలంతా ఆవిరి వాసన మెట్ల మీదుగా పైకొస్తుంది. మెట్లకు ఒకవైపే పట్టుకునే కమ్మీ ఉంది, అదీ కదులుతోంది. ఇంటివాళ్ళకు రెండుసార్లు చెప్పాను, మూడోసారి చెబితే ఖాళీ చేయమంటారేమోనని ఊరుకున్నాను.

నాకు నాలుగున్నరకే మెలకువ వచ్చేస్తోంది. లేచి, మీ అన్నయ్య గడ్డం గీసుకోవడానికి వేణ్ణీళ్ళు పెడుతున్నాను. నీళ్ళు కాగాక గుర్తొస్తుంది, ఇక్కడ గడ్డం ఎవరికుందని. పారబోయడానికి మనసొప్పక ఆ నీళ్ళతోనే గిన్నెలు తోముతున్నాను. ఒక గిన్నె, ఒక కంచం, ఒక గ్లాసు. అయిదింటికల్లా అయిపోతాయి. ఇక రాత్రి దాకా ఏం చేయాలి చెప్పు? కుర్చీలో కూచుంటాను. లేచి గ్యాసు కట్టానా లేదా చూస్తాను. మళ్ళీ కూచుంటాను. తలుపు గడియ చూస్తాను. ఏమీ చేయకుండానే సాయంత్రానికి ఒళ్ళు హూనమైపోతోంది.

ఈ వయసులో విడాకులేమిటని వీధంతా నవ్వుతోందని నాకు తెలుసు. కోర్టులో జడ్జిగారు కారణం ఏమిటంటే మీ అన్నయ్య ఏం చెప్పాడో విన్నావుగా. "నలభై ఒక్క ఏళ్ళలో ఈవిడ నన్ను ఒక్క కప్పు టీ కూడా ప్రశ్న లేకుండా తాగనివ్వలేదండీ" అన్నాడు. గుమాస్తా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేనూ నవ్వేదాన్నే, కానీ ఆ సమయానికి బయట బెంచీ మీద పెట్టిన గొడుగు ఎవరైనా ఎత్తుకుపోతున్నారేమోనని చూస్తున్నాను.

చెప్పడం మరిచాను. మీ అన్నయ్య బీపీ మాత్రలు గుండీల డబ్బాల వరసలో మూడో డబ్బాలో ఉంటాయి, పైన తెల్ల గుండీలు, కింద మాత్రలు. అడగడం కాదు, చెబుతున్నానంతే.

వదిన


అన్నయ్య ఇల్లు,
మార్చి 20

వదినకు నమస్కారాలు,

కోర్టు కాగితం ప్రకారం నువ్వు నాకు వదినవి కావట. ఆ కాగితం నాకెవరూ పంపలేదు, కాబట్టి నాకు తెలీదు.

నువ్వడిగిన వరసలోనే చెబుతాను, లేకపోతే ఏదో ఒకటి దాచానంటావు. ఎడమ మోకాలు వాచింది, కుడిది దానికి తోడొచ్చింది. మెట్లు పక్కకు తిరిగే దిగుతున్నాను, వీధిలో వాళ్ళు పీత వస్తోందంటున్నారు. మా వాడి నడుం బాగుంది. కోడలు కళ్ళజోడు మార్చింది, నువ్వు చెప్పావని ఎలాగో కనిపెట్టి మరీ మార్చింది. పిల్లి కన్ను నయమైంది. అన్నయ్య బాగానే ఉన్నాడు.

మాత్రలు దొరికాయి. గుండీల కింద మందులు దాచేవాళ్ళని నా అరవై ఒక్క ఏళ్ళలో నిన్నే చూశాను.

నేను మా వాడింటి నుంచి సామానంతా ఇక్కడికే తెచ్చేసుకున్నాను. అన్నయ్యకు వండిపెట్టడానికి రోజూ పొద్దున వచ్చి సాయంత్రం పోవడం ఈ కాళ్ళతో నావల్ల కావడం లేదు. నీ వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో వెతుక్కోవడంతోనే సగం రోజు గడిచిపోతోంది. ఒక్కదాని మీదా పేరు రాసి లేదు. ఇంతకాలం అన్నీ నీ బుర్రలోనే పెట్టుకుని తిరిగావా?

ఆరోగ్యం జాగ్రత్త. గ్యాసు కట్టావు, నాకు తెలుసు. వెళ్ళి చూడకు.

చిట్టి


మేడ మీది గది,
ఏప్రిల్ 13

చిట్టికి దీవెనలు,

నీ ఉత్తరం రోజుకోసారి చదువుతున్నాను. మోకాళ్ళకు రెండు వరసలు రాశావు, పిల్లి కంటికి ఒక ముక్క రాశావు, మీ అన్నయ్యకు మాత్రం "బాగానే ఉన్నాడు". బాగున్నాడు అంటే ఒకటి, బాగానే ఉన్నాడు అంటే ఇంకొకటి. ఏమైనా ఉందా? లేకపోతే లేదని రాయి.

ఇక్కడ కొంచెం దారిలో పడ్డాను. మా అమ్మాయి బడిలో పంతులమ్మ కదా, ఫోన్‌లో నాకూ ఒక టైంటేబుల్ వేసిచ్చింది. రాసుకుని గోడకు అంటించాను. మొదటి వరస, అయిదున్నరకు లేవాలి. చదివి నవ్వొచ్చింది. లేవడం ఎవరికైనా వచ్చు, అయిదున్నర దాకా పడుకుని ఉండటమే కదా కష్టం! మొదటి వారం మంచం మీద కట్టెలా బిగుసుకుని కళ్ళు మూసుకుని పడుకున్నాను, ఎవరో శిక్ష వేసినట్టు. ఇప్పుడు అయిదు దాకా వస్తున్నాను. ఆ అరగంట కూడా ఎప్పుడో అవుతుంది.

రెండో వరస టీ. ఇది నేర్చుకోవడం కూడా కష్టమే అయింది. ఆయనకిచ్చి, ఆయన కప్పు కడిగి, అడుగున మిగిలిన చల్లటిది తాగడమే నాకు అలవాటు. ఇప్పుడు పొయ్యి మీంచి దించినది దించినట్టే తాగితే నాలుక కాలింది. రెండు రోజులు రుచి తెలియలేదు.

మూడో వరస బజారు. కూరలమ్మే ఆవిడ "ఏం కావాలమ్మా" అంటే కొయ్యలా నిలబడ్డాను. ఆవిడ ఇంకో ఇద్దరికి కూరలిచ్చి పంపి మళ్ళీ అడిగింది. నాకేం కావాలో నాకేం తెలుసు? మీ అన్నయ్యకు వంకాయ పడదు, నలభై ఏళ్ళుగా ఇంటికి రానివ్వలేదు. అందుకని పట్టుబట్టి పావుకిలో వంకాయలు కొన్నాను. వండాను. తిన్నాను. నాకూ అంత ఇష్టం లేదని తేలింది.

ఇక అసలు సంగతి. కింది లాండ్రీలో పని దొరికింది. ఊడిన గుండీలు కుట్టడం, విడిపోయిన అంచులు కుట్టడం, పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. బుధవారం సెలవు. మొదటి రోజు లాండ్రీ ఆవిడను ఇస్త్రీ పెట్టె ఆపావా అని అడిగాను. కాసేపాగి మళ్ళీ అడిగాను. నాలుగోసారికి ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని "పెద్దమ్మా, ఇరవై ఏళ్ళుగా ఈ షాపు నడుపుతున్నాను, ఇంతవరకు తగలబడలేదు. మీరొచ్చారని ఇవాళ తగలబడదు" అంది. నోరు మూసుకున్నాను. కానీ బట్టలు ఇవ్వడానికి వచ్చేవాళ్ళను అడగకుండా ఉండలేను కదా, జేబుల్లో ఏమైనా ఉన్నాయా అని. లేవంటారు. మళ్ళీ అడిగితే చూశానంటారు. మళ్ళీ అడిగితే విసుక్కుంటూ చెయ్యి పెడతారు. ఒకాయనకు ఇంటి తాళంచెవి దొరికింది. ఒకావిడకు పళ్ళ సెట్టు దొరికింది! ఆ సాయంత్రం లాండ్రీ ఆవిడ తనే నాకు కుర్చీ లాగి "పెద్దమ్మా, ముందు కౌంటరు దగ్గర కూచోండి" అంది. అడగడం కోసమే ఒకరు నాకు కుర్చీ వేశారు చిట్టీ. కళ్ళజోడు తుడుచుకుంటూ కూచున్నాను.

మధ్యాహ్నం భోంచేసి కిటికీ దగ్గర కూచుంటాను. టైంటేబుల్లో అక్కడ విశ్రాంతి అని ఉంది. అది మాత్రం ఇంకా చేతకావడం లేదు.

నీ మోకాళ్ళకు ఉప్పు నీళ్ళ కాపడం పెట్టు. మీ అన్నయ్య సంగతి రాయి.

వదిన


అన్నయ్య ఇల్లు,
మే 6

వదినకు,

నీ పళ్ళ సెట్టు కథ చదివి కోడలు పడీపడీ నవ్వింది. నాకు తీరిక లేదు, నాలుగు ముక్కలే రాస్తున్నాను.

దీంతో ఒక చొక్కా పంపిస్తున్నాను. ఒక గిరాకీది. మిషన్ మీద వేసిన గుండీ కాజాలు పోగులు లేస్తున్నాయట, చేత్తో కుట్టినవే కావాలని పట్టుబట్టాడు. ఇప్పుడు ఈ వీధిలో చేత్తో కాజాలు కుట్టేవాళ్ళు ఎవరున్నారు? నువ్వు వెళ్ళాక ఆ పనంతా ఆగిపోయింది. వీలున్నప్పుడు కుట్టి పంపు. అన్నయ్యకు చెప్పి పంపుతున్నానో చెప్పకుండా పంపుతున్నానో అడగకు.

అందరం బాగానే ఉన్నాం. నాకే కాస్త నీరసం.

చిట్టి


మేడ మీది గది,
మే 11

చిట్టీ,

ఆ చొక్కా ఏ గిరాకీదే?

విప్పి మంచం మీద పరిచాను. కాజాలకు సుద్దగీతలు పెట్టి ఉన్నాయి, సూదికి దారం ఎక్కించి కూచున్నాను. రెండు కుట్లు వేశాక భుజాల దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. కుడి భుజం ఎడమ భుజం కంటే అరంగుళం కిందికి కత్తిరించి ఉంది. ఎవరికైనా భుజాలు రెండూ ఒకలాగే కత్తిరిస్తాడు మీ అన్నయ్య. యాభై ఏళ్ళు బల్ల మీదికి వంగి కత్తెర పట్టి కుడి భుజం వాలిపోయిన మనిషి ఈ లోకంలో నాకు తెలిసి ఒక్కడే. ఎడమ జేబు చూశాను, రెండంగుళాలు లోతెక్కువ. కళ్ళజోడు పెట్టె పట్టడానికి.

టేపు తీసుకుని కొలిచాను. తప్పు కొలిచానేమోనని మూడుసార్లు కొలిచాను. మీ అన్నయ్య ఛాతీ నలభై అంగుళాలు. పెళ్ళయిన మూడో ఏడు నుంచీ నలభయ్యే, ఒక్క అంగుళం అటూ ఇటూ కాలేదు. ఈ చొక్కా ముప్పై ఆరు అంగుళాల మనిషికి కుట్టింది. కాలరు పదహారు ఉండాలి, పదిహేను ఉంది. తన కొలతలు తనే తీసుకుని తనే కత్తిరించుకున్నాడు కదూ? పాత చొక్కాలు వేలాడుతున్నాయి కదూ?

మూడు నెలల్లో నాలుగు అంగుళాలు! మనిషేనా అక్కడ మిగిలింది? ఏం జబ్బు? కడుపులో ఏమైనా పుండా? షుగరా? ఎప్పటి నుంచి? డాక్టరుకు చూపించావా? ఏ డాక్టరు? రక్తం తీశారా? మందులేమిటి? నా దగ్గర దాచి నువ్వేం బాగుపడ్డావే? "బాగానే ఉన్నాడు" అని ఏ చేత్తో రాశావు?

నా మీద ఒట్టు, ఈసారి ఉన్నదున్నట్టు రాయి. ఇవాళ లాండ్రీలో తెల్ల చొక్కాకు ఎర్ర గుండీ కుట్టాను.

వదిన


అన్నయ్య ఇల్లు,
మే 18

వదినా,

దాచాను. ఎందుకు దాచానో తర్వాత తిట్టు, ముందు విను.

నువ్వు వెళ్ళిన మొదటి నెలంతా అన్నయ్య చాలా హుషారుగా ఉన్నాడు. "ఇల్లెలా ఉంది అన్నయ్యా" అంటే "ప్రశాంతంగా ఉంది" అనేవాడు నవ్వుతూ. రెండో నెల అడిగితే "ప్రశాంతంగానే ఉంది" అన్నాడు. నవ్వలేదు. మూడో నెల నేనే అడగడం మానేశాను.

తిండి తినడం లేదు. నేను వేళకు వండి, ముందు గది గుమ్మం దగ్గరికి పోయి "అన్నయ్యా, భోజనానికి రా" అంటాను. "వద్దులే" అంటాడు. పెద్దవాడు వద్దన్నాక మళ్ళీ బలవంతం చేసేదాన్ని కాను, చిన్నప్పటి నుంచీ ఆయన మాటకు ఎదురు చెప్పి ఎరగను. మూతపెట్టేసి నేను తినేస్తాను. రాత్రీ అంతే. ఎప్పుడో బుద్ధి పుడితే రెండు ముద్దలు తిని లేస్తాడు. పోయిన నెల స్నానాల గదిలో కళ్ళు తిరిగి పడ్డాడు. అదృష్టం, దెబ్బలు తగల్లేదు. డాక్టరుకు చూపించాం. రక్తం తీశారు, కడుపు ఫోటో తీశారు, గుండె చూశారు. "జబ్బేమీ లేదు, ఈయన అన్నం తినడం లేదు, అంతే" అన్నాడు డాక్టరు. అన్నయ్య నా వైపు చూసి "విన్నావుగా, జబ్బేమీ లేదు" అన్నాడు.

చొక్కా తనే కుట్టుకున్నాడు. కాజాల దగ్గర ఆగి "మిషన్ వద్దు, చేత్తో కుట్టేవాళ్ళకు ఇవ్వు" అన్నాడు. "ఎవరున్నారు?" అన్నాను. "అది నీ ఇష్టం" అని బల్ల తుడవడం మొదలెట్టాడు. కొలత చూసి కనిపెడతావని నాకు తట్టలేదు. ఆయనకు తట్టిందేమో నాకు తెలీదు.

వదినా, నేను కూడా అలిసిపోయాను. మా వాడింట్లో నాకొక మూల ఉంది, మనవరాలు పక్కలో పడుకునేది. అవన్నీ వదులుకుని ఇక్కడ ఉలకని పలకని మనిషికి కాపలా కాస్తున్నాను. నీ మొగుణ్ణి నాకు అప్పగించి వెళ్ళావు. ఆ మాట అనకూడదు, అయినా అంటున్నాను.

ఇంకొకటి కూడా అనేస్తాను. ఆయన విడాకులు అడిగాడనే కదా నువ్వు అందరికీ చెప్పింది? మొన్న పడ్డ రోజు అన్నయ్య నాతో అన్నాడు. కోర్టు మెట్ల మీద, సంతకాలకు ముందు, నిన్ను ఆపాడట. "ఇదంతా వదిలేసి ఇంటికి పోదాం" అన్నాడట. రానన్నది నువ్వేనట. నిజమేనా?

నిజమైనా సరే, వచ్చెయ్. ఆయన ఏమీ అనడు. అనే ఓపిక కూడా లేదు.

చిట్టి


మేడ మీది గది,
మే 29

చిట్టీ,

ఒక్కసారి పిలిచి మూతపెట్టేస్తున్నావా!

నీ ఉత్తరంలో ఆ వరస చదివి తల పట్టుకున్నాను. మీ అన్నయ్య ఒక్క పిలుపుకు ఏనాడైనా కదిలాడటే? మొదటిసారి పిలిస్తే "వద్దులే" అంటాడు. అంటే విన్నాడని. పది నిమిషాలాగి రెండోసారి పిలిస్తే "ఏమిటా గోల" అంటాడు. అంటే కత్తెర కింద పెట్టాడని. అప్పుడు చల్లారిపోతోందని మూడోసారి పిలవాలి. "వస్తున్నానుగా" అని కసిరి లేస్తాడు. నలభై ఒక్క ఏళ్ళు, పూటకు మూడుసార్లు పిలిచాను. మాత్రలూ అంతే, స్నానమూ అంతే. ఇది నీకు చెప్పలేదంటే దాచడం కాదు, నాకే తెలీదు. నీ ఉత్తరం చదివాకే తెలిసింది. అది నా గోల అనుకున్నాను. ఆయనా అదే అనుకుని జడ్జిగారికి చెప్పాడు. మూడు నెలలుగా రెండో పిలుపు కోసం కూచుని ఉంటాడు ఆ మొండి మనిషి, తను దేనికోసం చూస్తున్నాడో తనకే తెలియకుండా. నువ్వేమో మర్యాదగా ఒక్కసారి పిలిచి నీ దారిన నువ్వు తింటున్నావు.

ఇక ఇవాళ్టి నుంచి మూడుసార్లు పిలువు. ఎదురు చెప్పడం కాదు అది. విసుక్కుంటాడు, విసుక్కోనివ్వు.

ఇప్పుడు నువ్వడిగినదానికి. నిజమే. మెట్ల మీద ఆపాడు. నేనెవరికీ చెప్పలేదు, మా అమ్మాయికి కూడా. ఆయన ఆగమంటే ఆగాను. ఈ మనిషి నోరు తెరిచి ఏదో ఒకటి అడుగుతాడు, నువ్వెలా ఉన్నావనో, కాళ్ళు నొప్పిగా ఉన్నాయా అనో, ఒక్కటి అడిగితే చాలు, సంతకం లేదు గింతకం లేదు అనుకున్నాను. ఆయన వాచీ చూసుకున్నాడు. "ఇదంతా ఎందుకు, ఇంటికి పోదాం పద. ఆకలేస్తోంది" అన్నాడు.

తప్పు మాట కాదు. మనిషికి ఆకలి వేస్తుంది. రోజూ మూడు పూటలా ఆ మాట కోసమే కదా నేను బతికింది. కానీ ఆ మెట్టు మీద నా కాళ్ళు కదల్లేదు. కోపం కాదు చిట్టీ. కోపానికైనా ఓపిక ఉండాలి. నేను రానన్నాను. ఎందుకు అని కూడా అడగలేదు ఆయన. లోపలికి పోయి ఇద్దరం సంతకాలు పెట్టాం.

నిన్న బుధవారం, సెలవు. నీ ఉత్తరం మళ్ళీ ఒకసారి చదివి సంచి సర్దాను. రెండు జతల బట్టలు, కళ్ళజోడు, సూదుల డబ్బా. లాండ్రీ ఆవిడకు ఇక రానేమో అని చెప్పాను. "మీ ఇష్టం పెద్దమ్మా, కౌంటరు దగ్గర కుర్చీ మాత్రం తీయను" అంది. బస్సుల దగ్గరికి పోయి బెంచీ మీద కూచున్నాను. ఒక బస్సు వెళ్ళింది. గ్యాసు కట్టానో లేదో గుర్తు రాలేదు. రెండో బస్సు వచ్చింది. కండక్టరు "ఎక్కుతారా అమ్మా" అని అడిగాడు. గ్యాసు చూసుకుని వస్తాను బాబూ అన్నాను. "సరే అమ్మా, బస్సు మీ కోసం ఆగుతుందనుకోకండి" అన్నాడు. అతని తప్పేముంది.

తిరిగొచ్చి మెట్లెక్కి చూస్తే గ్యాసు కట్టే ఉంది. తలుపు వేసే ఉంది. కిటికీ మూసే ఉంది. అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. సంచి కింద పెట్టి ఒక్క నిమిషం అని మంచం మీద వాలాను. కళ్ళు తెరిచేసరికి సాయంత్రం అయిదు. మధ్యాహ్నం పూట నేను నిద్రపోవడం నువ్వెప్పుడైనా చూశావా? లేచి మొహం కడుక్కుని గోడ మీది కాగితం చూసుకున్నాను. విశ్రాంతి అన్న వరస ఒక్కటి చేయగలిగాను ఇన్నాళ్ళకు.

అందుకని నేను ఉండటానికి రాను చిట్టీ. అక్కడికొస్తే నాలుగున్నరకు లేస్తాను. వేణ్ణీళ్ళు పెడతాను. చల్లటి టీ తాగుతాను. ఎవరూ చెప్పక్కర్లేదు, నా చేతులే చేసేస్తాయి. ఇక్కడ అయిదున్నర దాకా పడుకోవడం రావడానికే నాలుగు నెలలు పట్టింది. మళ్ళీ మొదటి నుంచి నేర్చుకునే శక్తి నాకు లేదు. ఆయన చిక్కిపోతుంటే ఇక్కడ పడుకుని నిద్రపోయానని తిట్టుకుంటావేమో. తిట్టుకో. నేనూ తిట్టుకుంటున్నాను.

నిన్ను మాత్రం అక్కడే కట్టి పడేయను. పిలవడమే కదా కావలసింది, దానికి నువ్వే ఉండక్కర్లేదు. మీ ఇంట్లో మనవరాలుంది, ఆరేళ్ళ పిల్ల, దాని గొంతు మూడు వీధులకు వినిపిస్తుంది. సాయంత్రం పూట భోజనం క్యారేజీలో పెట్టి మీ అబ్బాయి తెస్తాడు, దాన్ని వెంట పంపు. తాతను ఎన్నిసార్లు పిలవాలో దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. నువ్వు వారంలో నాలుగు రోజులు నీ మూలకు నువ్వు పోయి పడుకో. డబ్బాల మీద పేర్లు రాసుకో, ఏ డబ్బాలో ఏముందో ఇంకో కాగితం మీద రాసి పెడుతున్నాను.

చొక్కా కాజాలు పూర్తి చేసి పంపుతున్నాను. పక్క కుట్లలో గుడ్డ వదిలే ఉంది, ఒళ్ళు వస్తే విప్పుకోవచ్చు.

వదిన


అన్నయ్య ఇల్లు,
జూన్ 15

వదినా,

తిడదామనే కలం పట్టాను. రెండు వారాలు పట్టింది కోపం చల్లారడానికి, అందుకే ఆలస్యం. రానన్నావని కోపం. నువ్వు చెప్పింది నిజమయిందని ఇంకా కోపం.

మూడుసార్లు పిలిచాను. మొదటిసారి "వద్దులే". పది నిమిషాలాగి రెండోసారి పిలిచాను. "ఏమిటా గోల" అన్నాడు, అచ్చం నువ్వు రాసినట్టే. నాకు నవ్వాగలేదు. మూడోసారి పిలిస్తే వచ్చి పీట మీద కూచుని "నువ్వూ మొదలెట్టావా" అన్నాడు. తిన్నాడు. పెరుగు కూడా అడిగాడు. నేను వంటింట్లోకి పోయి గోడ వైపు తిరిగి ఏడ్చాను. సంతోషమో ఒళ్ళు నొప్పులో నాకే తెలీలేదు.

మనవరాలైతే మూడుతో ఆగడం లేదు. "తాతా తాతా తాతా" అని బల్ల కిందికి దూరి కాళ్ళు లాగుతోంది. ఒళ్ళు ఇంకా రాలేదు, మొహంలో మాత్రం కాస్త రంగు వచ్చింది. నేను వారంలో మూడు రోజులే ఇక్కడుంటున్నాను. మోకాళ్ళు అలాగే ఉన్నాయి, పడుకున్నా నొప్పే, లేచినా నొప్పే. కనీసం నా మంచం మీద నొప్పి.

నీ ఉత్తరం ఆయన చదవలేదు. "ఏం రాసింది" అని అడిగాడు. పిలవడం సంగతి చెప్పాను. బల్ల మీది గుడ్డముక్కలన్నీ ఏరి పక్కన పెట్టాడు. తర్వాత "మెట్ల సంగతి కూడా రాసిందా" అన్నాడు. రాసిందన్నాను. "ఆకలేస్తోందన్నాను కదూ" అన్నాడు. ఊ అన్నాను. కత్తెర తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. "ఉండమని అడగడం లేదని చెప్పు. ఒకసారి వచ్చి వెళ్ళమని రాయి. కమ్మీ కదులుతోందన్నావు కదా, ఆ మెట్లు జాగ్రత్తగా దిగి రమ్మను" అన్నాడు. కమ్మీ సంగతి ఎప్పుడో మార్చిలో నేను చెప్పిన మాట. ఇన్నాళ్ళు ఎక్కడ పెట్టుకున్నాడో.

ఆ తర్వాత నన్ను ఒక ప్రశ్న అడిగాడు వదినా. నువ్వు అక్కడ ఏం తింటున్నావని. నాకు జవాబు తెలీదు. వంకాయ కాదు అని మాత్రం చెప్పాను.

చిట్టి


మేడ మీది గది,
జూన్ 22

చిట్టికి దీవెనలు,

ఏం తింటున్నానని అడిగాడా? నిజంగా ఆయనే అడిగాడా, లేక నా మనసు కోసం నువ్వు కల్పించావా? కల్పిస్తే కల్పించానని రాయొద్దు, అలాగే ఉండనివ్వు.

వస్తాను. కానీ చుట్టంలా వస్తాను, ఇది ముందే ఒప్పుకో. వంటింట్లోకి నన్ను రానివ్వకు. నేను లేవబోతే కూచోమను, వినకపోతే చెయ్యి పట్టి కూచోబెట్టు. మంచినీళ్ళు ఎవరైనా తెచ్చి ఇవ్వాలి. టీ పెడితే వేడిగా ఇవ్వండి, కాల్చుకోకుండా తాగడం ఇప్పుడు వచ్చింది. ఆయన భోజనానికి రాకపోతే పిలవాల్సింది నువ్వు, నేను కాదు. నోరు ఊరుకోదని నాకు భయంగానే ఉంది. ఒకసారి పొరపాటున పిలిస్తే ఏమీ అనుకోవద్దను.

మీ అన్నయ్యతో ఏం మాట్లాడాలో నాకు తెలీదు. నేనుగా మొదలుపెట్టను. ఆయన ఏదైనా అడిగితే జవాబు చెబుతాను. అడగకపోతే నీతో మాట్లాడి వచ్చేస్తాను, దానికి బాధపడనులే. పడినా తిరుగు ప్రయాణంలో పడతాను, బస్సులో కిటికీ పక్కన కూచుని.

లాండ్రీ ఆవిడకు చెప్పాను, సెలవు రోజే కాబట్టి పని పోదు. గ్యాసు కట్టిందీ లేనిదీ ఆవిడే పైకొచ్చి చూస్తానంది, తాళం ఇచ్చి వస్తాను. వాన పడితే రాననుకోవద్దు, పడినా వస్తాను. నువ్వు బస్సు దగ్గరికి రావొద్దు, మోకాళ్ళు జాగ్రత్త.

జూలై రెండు, బుధవారం. పొద్దున పదింటి బస్సుకు దిగుతాను, సాయంత్రం నాలుగింటి బస్సుకు వెళ్ళిపోతాను.

వదిన